ఊరి బడిలో వేసవి శిబిరం: తాళం తీసింది మొదలు పిల్లల్ని అప్పగించే దాకా

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ బడులకు ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులిచ్చి జూన్ 12న తిరిగి తెరవడం కొన్నేళ్ళుగా వస్తున్న ఆనవాయితీ. ఈ ఏడు వారాలూ శిబిరానికి పనికొస్తాయనుకోవడం తొలిసారి నిర్వహించేవాళ్ళు చేసే పొరపాటు. సెలవులిచ్చిన మొదటి నాలుగు రోజులు పిల్లలు పొద్దెక్కేదాకా నిద్ర లేవరు. మే నెల సగమయ్యేసరికి పెళ్ళిళ్ళకూ అమ్మమ్మగారి ఊళ్ళకూ వెళ్ళిపోతారు. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె ప్రవేశించాక, రోళ్ళు పగిలే ఎండలంటారే, ఆ ఎండల్లో పిల్లల్ని ఇల్లు కదిలించడమే తప్పు. అందువల్ల ఏప్రిల్ 28 ప్రాంతంలో మొదలుపెట్టి, ఆదివారాలు మినహాయించి, మే మూడో వారానికల్లా ముగిసే 18 పనిదినాల శిబిరమే ఊరికి సరిపోతుందని కోనసీమలో మా ఊరి ఉన్నత పాఠశాలలో ఆరు వేసవులు నడిపిన అనుభవంతో చెప్పగలను. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక చేపట్టిన పని ఇది. ఈ మార్గదర్శి నలభై మంది పిల్లలను, నలుగురు పెద్దలను దృష్టిలో పెట్టుకుని రాసింది.

రోజువారీ వేళను ముగింపు నుంచి వెనక్కి లెక్కకట్టాలి. పిల్లవాడు పదకొండు గంటలకల్లా ఇంట్లో ఉండాలి. అంటే పదిన్నరకు అప్పగింత పూర్తికావాలి. మూడున్నర గంటల కార్యక్రమం కావాలంటే ఉదయం ఏడింటికి గేటు తీయాలి. ‘తొమ్మిదింటికైతే మాకు వీలుగా ఉంటుంది మాస్టారూ’ అని తల్లిదండ్రులు ప్రతి ఏడూ అడుగుతారు. ఒప్పుకోకూడదు.

శిబిరానికి ముందు పది రోజులు

మొదట ప్రధానోపాధ్యాయుల నుంచి, పాఠశాల యాజమాన్య కమిటీ నుంచి రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలి. ఏ గదులు, ఏ తేదీలు, తాళాలు ఎవరి దగ్గర, కరెంటు బిల్లు ఎవరిది, పగిలిన వస్తువుకు బాధ్యత ఎవరిది అన్న అయిదు సంగతులూ ఆ కాగితంలో ఉండాలి. మాటమీద ఇచ్చిన తాళం మాటమీదే వెనక్కి పోతుంది.

తర్వాత ఆవరణ అంతా నడిచి చూడాలి. బావికి మూత ఉందా, స్విచ్చుబోర్డులు పిల్లల చేతికందే ఎత్తులో ఊడి వేలాడుతున్నాయా, మరుగుదొడ్ల తలుపులకు లోపలి గడియలు పనిచేస్తున్నాయా, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉందా అన్నవి చూసుకోవాలి. వారం రోజులు మూసి ఉన్న గదిలో, ముఖ్యంగా ఒకదానిమీద ఒకటి పేర్చిన బల్లల సందుల్లో, తేళ్ళూ జెర్రులూ చేరతాయి. బల్లల్ని బయటికి లాగి, ఎండలో ఒక పూట ఉంచి, గది కడిగించాకే పిల్లల్ని కూర్చోబెట్టాలి.

పిల్లల్ని 6 నుంచి 8, 9 నుంచి 11, 12 నుంచి 14 ఏళ్ళ వాళ్ళుగా మూడు జట్లు చేస్తే చాలు. పెద్దల్లో ఒకరు పూర్తిగా నీళ్ళు, తిండి, మందులపెట్టె చూసుకోవాలి, ఆ మనిషికి జట్టు అప్పగించకూడదు. మిగిలిన ముగ్గురూ తలా ఒక జట్టును చూస్తారు. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న అన్నయ్యలూ అక్కలూ ఇద్దరు ముగ్గురు తోడుంటే ఆటలు సాఫీగా సాగుతాయి. (వాలంటీరు అన్న మాటకు మా రాష్ట్రంలో కొన్నేళ్ళ కిందట ఇంటింటికీ పింఛన్లు పంచేవారన్న వేరే అర్థం స్థిరపడింది గనుక మేము సహాయకులనే పిలుస్తాం.) పెద్దవాళ్ళెవరూ ఒక్క పిల్లతోనో పిల్లవాడితోనో మూసిన గదిలో ఉండకూడదన్న నియమాన్ని అందరికీ ముందే చెప్పి సంతకం తీసుకోవాలి. మామీద నమ్మకం లేదా అని నొచ్చుకునేవాళ్ళుంటారు; పిల్లలపై లైంగిక నేరాల నిరోధానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం సంగతి చెప్పి, ఈ నియమం పిల్లల్నీ పెద్దల్నీ ఇద్దరినీ కాపాడుతుందని వివరిస్తే సర్దుకుంటారు. 108, 112, పిల్లల సహాయానికి 1098, ఈ మూడు నంబర్లనూ పిల్లల కంటికందే ఎత్తులో గోడమీద రాయించాలి.

దరఖాస్తు ఒక పేజీ దాటకూడదు. పేరు, వయసు, చదివే తరగతి, రెండు వేర్వేరు ఫోను నంబర్లు, ఉబ్బసం, మూర్ఛ, పడని తిండి వంటి వివరాలు, ఇంటి నుంచి బడికి వచ్చే దారి, తీసుకువెళ్ళడానికి వచ్చే ఇద్దరి పేర్లు ఉంటే చాలు. ‘ఆరోగ్యం ఎలా ఉంది’ అని అడిగితే అందరూ ‘బాగుంది’ అనే రాస్తారు. ‘వేరుశనగ తింటే దద్దుర్లు వస్తాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, రోజూ ఏదైనా మందు వేసుకుంటారా’ అని విడివిడిగా అడగాలి. ఫొటోలు తీసి వాట్సాప్ గుంపుల్లో పెట్టడానికి అంగీకారం ఉందో లేదో కూడా ఇక్కడే రాయించుకోవాలి.

దారి ఎందుకంటే, డెల్టాలో ప్రతి రెండో ఇంటికీ నడుమ ఒక కాలువ ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక కూడా లోతైన గుంతల్లో నీళ్ళు నిలిచే ఉంటాయి, ఎండిన కాలువలో ఆ గుంత పిల్లవాడికి ఈతకొలనులా కనిపిస్తుంది. కాలువ దాటి వచ్చే పిల్లల పేర్లకు ఎర్ర చుక్క పెట్టి, వాళ్ళను ఒంటరిగా పంపేది లేదని తల్లిదండ్రులకు మొదటిరోజే స్పష్టం చేయాలి.

ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా

తాళం తీసే మనిషి ఆరున్నరకు రావాలి. గదులు ఊడ్పించి, కిటికీలు తెరిచి, మరుగుదొడ్లలో నీళ్ళు పోయించి, రెండు ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు నీడలో పెట్టించాలి. మూడున్నర గంటల్లో ఒక్కో పిల్లవాడు ముప్పావు లీటరు తాగుతాడని లెక్కవేసుకుంటే నలభై మందికి 30 లీటర్లు పడుతుంది, మిగిలేది గ్లాసులు తొలవడానికి. ఒకే గ్లాసు గొలుసుకట్టి వేలాడదీసే పాత పద్ధతి వద్దు. ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోవాలి, తేనివాళ్ళకోసం పది స్టీలు గ్లాసులు ఉంచాలి.

ఏడింటికి గేటు దగ్గర హాజరు పట్టీతో ఒకరు కూర్చోవాలి. పట్టీలో ఒక్కో పేరుకు ఎదురుగా వచ్చిన సమయం, వెళ్ళిన సమయం, తీసుకువెళ్ళినవారి సంతకం అని మూడు గడులుంటాయి. పిల్లవాడి పేరు పిలిచి, ముఖం చూసి, ఒక మాట మాట్లాడి రాయాలి. ఈ ఒక్క మాట వల్లే రాత్రి జ్వరం వచ్చిన పిల్ల, పరగడుపున వచ్చిన పిల్లవాడు, చెప్పులు లేకుండా వచ్చినవాడు తెలిసిపోతారు. ‘ఏం తిని వచ్చావు?’ అన్నది అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న. జ్వరం ఉన్నవాళ్ళను తెచ్చినవారితోనే మర్యాదగా వెనక్కి పంపాలి. ఏడుంబావుకు గేటు మూసి, రానివాళ్ళ ఇళ్ళకు ఫోను చేయాలి. ఇంట్లో బయలుదేరి బడికి చేరని పిల్లవాడి సంగతి ఏడున్నరకల్లా తెలియడం వేరు, పదిన్నరకు తెలియడం వేరు.

చల్లటి ముప్పావుగంట

మైదానం ఆటలన్నీ ఏడుంబావుకూ ఎనిమిదింటికీ మధ్యే జరగాలి. అప్పటికి నేల ఇంకా చల్లగా ఉంటుంది, ఉత్త కాళ్ళతో కబడ్డీ ఆడవచ్చు. తొమ్మిది దాటితే అదే ఇసుక అరికాళ్ళను చురుక్కుమనిపిస్తుంది. పెద్ద జట్టుకు కబడ్డీ, ఖోఖో, నడిమి జట్టుకు ఏడు పెంకులాట, చిన్నవాళ్ళకు తొక్కుడుబిళ్ళ, దాగుడుమూతలు అనువుగా ఉంటాయి. పెంకులాటకు కార్కు బంతి వాడకూడదు, పాత గుడ్డపేలికలు చుట్టి దారంతో బిగించిన బంతి ఒంటికి తగిలినా నొప్పి పుట్టదు. ఆ బంతిని పిల్లలచేతే చుట్టించడం రెండోరోజు పని. కోతికొమ్మచ్చి మాత్రం నేను ఆడనివ్వను. ఆట మంచిదే కానీ, మా బడిలో ఉన్నవి కొబ్బరిచెట్లూ ఒక ములగచెట్టూ, ములగకొమ్మ ఎంత పెళుసో తెలిసిందే కదా.

కొత్తగా వచ్చిన పిల్లవాణ్ణి మొదటిరోజే ఆటలోకి తోయకూడదు. లెక్క రాసే పని ఇచ్చి గీత పక్కన కూర్చోబెడితే మూడోరోజుకు తానే లేచి గీత దాటి లోపలికి వస్తాడు.

ఎనిమిదింటికి చేతులూ కాళ్ళూ కడిగించి, ఎనిమిదీ పదికి తిండి. నలభై మందికి తలా ఒక గ్లాసు రాగిజావ అంటే ఎనిమిది లీటర్లు. లీటరుకు వంద గ్రాముల పిండి చొప్పున 800 గ్రాములు, బెల్లం రుచికి తగినంత. పిండిని ముందు చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాతే మరుగుతున్న నీళ్ళలో పోస్తూ కలియబెట్టాలి. ఒకరోజు జావ, ఒకరోజు ఉడికించిన శనగల గుగ్గిళ్ళు, ఒకరోజు అరటిపండు, దొరికినరోజు తాటిముంజలు. ముంజలు పొద్దున్న కొట్టించినవే పెట్టాలి, నిన్నటివి వద్దు. కోసి అమ్మే పుచ్చకాయ ముక్కలు కొనకండి. కాయ కొని, కడిగి, అక్కడే కోయించండి. వేరుశనగ ఉండలు ఇచ్చేరోజు దరఖాస్తుల్లో గుర్తు పెట్టుకున్న పేర్లు మరోసారి చూసుకోవాలి. పదింటికి ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మాత్రం ప్రతిరోజూ, అందరికీ.

ఎనిమిదిన్నర నుంచి పది దాకా: చదువు కాని చదువు

ఈ గంటన్నరను రెండు భాగాలు చేసి మొదటిది పుస్తకానికి, రెండోది చేతిపనికి కేటాయించాలి. దగ్గరి శాఖా గ్రంథాలయాధికారిని కలిస్తే పిల్లల పుస్తకాలు శిబిరం అయ్యేదాకా ఇస్తారు. ఎన్ని తీసుకున్నదీ పేర్లతో సహా జాబితా రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి.

చదివించడంలో వచ్చే అసలు చిక్కు తెలుగు రాని తెలుగు పిల్లలతో. పట్నంలో ఇంగ్లీషు మీడియం చదివి సెలవులకు తాతగారింటికి వచ్చిన ఏడో తరగతి పిల్లవాడు ‘క’ గుణింతం దాకా బాగానే వచ్చి, ‘క్ష్మ’ దగ్గర ఆగిపోతాడు. వాణ్ణి అందరి ముందూ నిలబెట్టి చదివిస్తే మర్నాటి నుంచి రాడు. మేము చేసే పని ఇది: వాడికి తోడుగా, గడగడా చదివే అయిదో తరగతి పిల్లను కూర్చోబెడతాం, ఆ పిల్ల తెలుగు పంక్తి చదువుతుంది, వాడు అదే పంక్తిని తిరిగి చదువుతాడు, ఆ పిల్లకు ఇంగ్లీషులో తెలియని మాటలు వాడు చెబుతాడు. ఇద్దరికీ చెప్పేదీ నేర్చుకునేదీ ఉంటుంది గనుక ఎవరికీ చిన్నతనం ఉండదు. వారంలో ఒకరోజు ఎనిమిదిన్నరకే పెద్ద జట్టును మెయిన్ రోడ్డు మీదికి తీసుకువెళ్ళి బోర్డులు చదివించండి. ఎరువుల కొట్టు, కిరాణా మర్చంట్సు, చేపల చెరువు మేతల దుకాణం, పెళ్ళి ఫ్లెక్సీలు, ఒక్కో బోర్డులో తప్పు ఎక్కడుందో పట్టినవాళ్ళకు మార్కు. వత్తులు ఇంత త్వరగా వచ్చే మార్గం నాకు మరొకటి కనబడలేదు.

చేతిపనుల్లో మొదటి వారం బంకమన్ను. తలా అరకిలో చొప్పున ఇరవై కిలోలు తెప్పించి, రాళ్ళు ఏరి, ముందురోజు సాయంత్రమే తడిపి తడిగోనె కప్పి ఉంచాలి. మన్ను వేలికి అంటుకోకుండా వంగితే పదును వచ్చినట్టు. బొమ్మలను నీడలో ఆరనివ్వాలి, ఎండలో పెడితే ఎద్దుకు కొమ్ములు మొదట ఊడతాయి. రెండోవారం కొబ్బరాకు: బూర, గిరక, చేతిగడియారం, కళ్ళజోడు. ఇందులో ఈనెలు కళ్ళకు ప్రమాదం గనుక ఆకును ముందే ఈనె తీసి ఇవ్వాలి, లేదా ఒక్కొక్కరి మధ్య చాప వెడల్పు ఎడం ఉంచాలి.

మూడో వారానికి ఊరి పటం. ఒక్కో పిల్లవాడు తన ఇంటి నుంచి బడిదాకా దారిని సుద్దముక్కతో వరండా నేలమీద గీస్తాడు, పక్కింటి పిల్లవాడి దారితో కలుపుతాడు, చివరికి వరండా అంతా ఊరవుతుంది. ఒకసారి రెండో తరగతి పిల్ల గీసిన దారిలో పంచాయతీ ఆఫీసు లేదు, రామాలయం లేదు. ఒక కుక్క, రెండు మామిడిచెట్లు, ‘తిట్టే మామ్మ’ ఉన్నారు. దిద్దకండి. ఎవరి ఇంటి దారి ఎక్కడ ప్రమాదమో మనకు చెప్పేది ఆ పటమే.

మే మొదటి పది రోజుల్లో శిబిరం జరుగుతుంటే ఒక ప్రయోగాన్ని వదులుకోకూడదు. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ప్రాంతాల్లో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ క్షణంలో నిటారుగా నిలబెట్టిన వస్తువుకు పక్కన నీడ పడదు. హైదరాబాదులో అది దాదాపు మే 9న, మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో. దక్షిణాన ఉన్న ఊళ్ళకు ముందుగా వస్తుంది. విజయవాడకు రెండు మూడు రోజుల ముందు, తిరుపతికి ఏప్రిల్ చివరి వారంలోనే. ఆగస్టులో రెండోసారి వస్తుంది గానీ అప్పటికి మబ్బులు. ఢిల్లీ పిల్లలకు ఈ వేడుక ఎన్నడూ లేదు. శిబిరం పదిన్నరకే ముగుస్తుంది కాబట్టి దీన్ని ఇంటిపనిగా ఇవ్వాలి. పెరట్లో నిటారుగా రోకలి నిలబెట్టి, పావు తక్కువ పన్నెండు నుంచి అయిదేసి నిమిషాలకోసారి నీడ కొసకు సుద్దతో గుర్తుపెట్టి, మిగతా సమయమంతా అరుగుమీదే కూర్చోవాలని చెప్పాలి. సూర్యుడి వైపు చూడకూడదని మూడుసార్లు చెప్పాలి. మర్నాడు నలభై ఇళ్ళ కొలతలు నల్లబల్లమీద రాస్తే, వంకరగా నిలిచిన రోకళ్ళు ఎన్నో కూడా తెలుస్తాయి.

పది నుంచి పదీ ఇరవై దాకా కూర్చుని ఆడే ఆటలు. అష్టాచెమ్మాకు అయిదేసి గళ్ళ పటం, నాలుగు గవ్వలు చాలు. వామనగుంటలకు ఏడేసి చొప్పున రెండు వరసల్లో 14 గుంటలు, గుంటకు అయిదు చింతపిక్కలు, మొత్తం 70. పీట లేకపోతే కోడిగుడ్ల అట్టపెట్టెలు కత్తిరించి వాడవచ్చు. ఎక్కాలు రాని పిల్లవాడు ఈ ఆటలో ఏ గుంట నుంచి మొదలుపెడితే ఎక్కడ ఖాళీ గుంట తగులుతుందో కళ్ళతోనే లెక్కవేయడం చూశాక, లెక్కల మాస్టారుగా నాకు కొంచెం సిగ్గే వేసింది.

ఎండ తగిలితే

తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, విపరీతమైన చెమట, నీరసం కనిపిస్తే పిల్లవాణ్ణి ఫ్యాను కిందకి చేర్చి, చొక్కా గుండీలు విప్పి, ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగించాలి. ప్యాకెట్టు మొత్తాన్నీ దానిమీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి, సగం ప్యాకెట్టు గ్లాసులో వేయడం తప్పు. ప్యాకెట్టు లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో అంచుకు సమంగా తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే సరి. చెంచా అంటే టీ చెంచా. గ్లూకోజు పొడి దానికి బదులు కాదు. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మగతగా ఉంటే అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోను చేసి, బండి వచ్చేలోపు ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టి విసరాలి. స్పృహ సరిగా లేని పిల్లవాడి నోట్లో నీళ్ళు పోయకూడదు, పక్కనున్నవాళ్ళు ఎంత తొందరపెట్టినా సరే.

కరెంటు పోతే కార్యక్రమం వరండాలోకి మారాలి. మేలో ఉన్నట్టుండి గాలివాన లేస్తే పిల్లల్ని కొబ్బరిచెట్ల కిందినుంచి తప్పించి, రేకుల షెడ్డు కాకుండా పక్కా గదిలో చేర్చి, తల్లిదండ్రులను ‘ఇప్పుడే రాకండి, వాన తగ్గాక రండి’ అని ఫోనులో ఆపాలి.

అప్పగింతలు

పెళ్ళిలో ఉన్నంత ఏడుపు లేకపోయినా, శిబిరంలోనూ అన్నిటికన్నా బరువైన ఘట్టం ఇదే. పదీ ఇరవైకి పిల్లలంతా సంచులు సర్దుకుని జట్లవారీగా గదిలోనే కూర్చోవాలి. గేటు దగ్గర గుంపు చేరకూడదు. ఉదయం హాజరు రాసిన మనిషే గేటు దగ్గర కూర్చుని, వచ్చినవారి పేరు దరఖాస్తులో ఉందో చూసి, లోపలికి పేరు కేకవేయాలి. పిల్లవాడు వచ్చాక సమయం రాసి, సంతకం తీసుకుని, అప్పుడు గేటు తీయాలి. పన్నెండేళ్ళు దాటినవాళ్ళు సైకిలు మీద ఒంటరిగా వెళ్ళడానికి తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ఉంటేనే పంపాలి.

ఇంత కచ్చితం ఎందుకని అడిగేవారికి రెండో ఏటి సంగతి చెబుతుంటాను. రెండో తరగతి పిల్లవాడొకడు ‘మా మావయ్య వచ్చాడండి, ఎల్తానండి’ అని నా చెయ్యి విదిలించుకుని బండెక్కాడు. ఆ మావయ్య పేరు కాగితంలో లేదు, కానీ పిల్లవాడి ముఖం వెలిగిపోవడం చూసి నేను ఊరుకున్నాను. పది నిమిషాల తర్వాత తల్లి వచ్చింది. ఆ తమ్ముడు ఊళ్ళోకి వచ్చినట్టే ఆవిడకు తెలియదు, అతని ఫోను కలవలేదు. నలభై నిమిషాల తర్వాత మేనమామా మేనల్లుడూ జంక్షన్‌లో చెరకురసం తాగి నింపాదిగా ఇంటికి చేరారని కబురొచ్చింది. ఆ నలభై నిమిషాలూ ఆ తల్లి గేటు పట్టుకుని నా వైపు చూడకుండా నిలబడింది. అప్పటి నుంచి జాబితాలో లేని మనిషి వస్తే, అతను గ్రామ సర్పంచే అయినా, తల్లికో తండ్రికో ఫోను కలిపి, వాళ్ళ గొంతు విన్నాకే పంపుతున్నాం. ఫోను కలవకపోతే పిల్లవాడు లోపలే ఉంటాడు, వచ్చినవారికి కుర్చీ వేసి మజ్జిగ ఇస్తాం. కోప్పడినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. మర్నాడు వాళ్ళ పిల్లల్ని మాత్రం మానిపించలేదు.

పట్టీలో ఆఖరి గడి నిండాక పెద్దలంతా పావుగంట కూర్చోవాలి. ఏ పిల్ల ఇవాళ తినలేదు, ఎవరి మధ్య దెబ్బలాట జరిగింది, రేపటికి ఏం తేవాలి అన్న మూడు సంగతులూ ఒక నోటుపుస్తకంలో తేదీవారీగా రాయాలి. ఒకే పిల్ల పేరు వరసగా మూడు రోజులు కనిపిస్తే నాలుగోరోజు ఆ ఇంటికి ఎవరో ఒకరు వెళ్ళి రావాలి, అదీ ఫిర్యాదులా కాక, ఊరికే పలకరించినట్టు.

ఆఖరి రోజు

పద్దెనిమిదోరోజు సాయంత్రం అయిదున్నరకు, ఎండ తగ్గాక, తల్లిదండ్రులను పిలవాలి. వేదిక, శాలువాలు, ముఖ్య అతిథి పెట్టుకుంటే పిల్లలు రెండు గంటలు ఉపన్యాసాలు వింటూ కూర్చోవలసి వస్తుంది. వాటికి బదులు గదుల్లో మట్టిబొమ్మలు, నీడ కొలతలు, వరండాలో పటం ఉంచి, ఏ పిల్లవాడి బొమ్మ దగ్గర ఆ పిల్లవాణ్ణే నిలబెట్టి వచ్చినవాళ్ళకు చెప్పించాలి. మొదటి బహుమతి, రెండో బహుమతి లేవు. ధ్రువపత్రం కావాలంటే అందరికీ ఒకటే, పేరు తప్పుల్లేకుండా. పేర్లు ముందురోజే పిల్లలచేత దిద్దించుకోండి. ఆ సాయంత్రం కూడా పట్టీతో గేటు దగ్గర ఒకరు కూర్చోవాల్సిందే. జనం ఎక్కువగా ఉన్నరోజే పిల్లలు సులువుగా చేయి జారతారు. మర్నాడు గదులు కడిగించి, బల్లలు యథాస్థానంలో పెట్టించి, గ్రంథాలయం పుస్తకాలు జాబితా ప్రకారం లెక్క చెప్పి, తాళాలు ప్రధానోపాధ్యాయుల చేతికిచ్చి, అనుమతి కాగితం వెనకవైపు ముట్టినట్టు సంతకం తీసుకోవాలి.